బొట్టు పెట్టని చింతమాను

మా చేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు పక్కనే. రోడ్డుకూ చేనుకూ మధ్య గట్టు మీద ఒక చింతమాను ఉండేది. దాన్ని ఎవరు నాటారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అవ్వను అడిగితే, తాను చిన్నపిల్లగా ఉన్నప్పుడే అందరూ దాన్ని ముసలిమాను అనేవాళ్లని చెప్పింది. ముగ్గురు పెద్దవాళ్లు చేతులు పట్టుకున్నా దాని చుట్టూ అందేది కాదు. మొదలు దగ్గర ఒక తొర్ర. తొర్ర పక్కన, కూర్చుంటే మనిషి వీపు తగిలేంత ఎత్తులో, బెరడు నున్నగా ఉండేది. మిగతా మాను అంతా ఎండిన చెరువు అడుగులా పగుళ్లే. ఆ ఒక్కచోట మాత్రం చెయ్యి పెడితే జారేది. మా అవ్వ, ఆమె తర్వాత మా అమ్మ, ఏళ్ల తరబడి వీపు ఆనించి కూర్చున్న చోటు అది.

నేను బడికి పోలేదు. మా ఇల్లు చేనులోనే, బడి ఊళ్లో. చెల్లెల్ని చంకనేసుకొని తిరిగే పని నాది. అందుకని అమ్మే నాకు అక్షరాలు నేర్పింది, ఆ మాను కింద. పలక లేదు. చింతపిక్కలు నేల మీద వరుసగా పేర్చి "అ" అని చూపించేది, చెరిపేసి నన్ను పేర్చమనేది. "ఋ" వచ్చేసరికి పిక్కలు చాలక నేను ఏడిస్తే, "ఉండు, చెట్టు ఇంకా ఇస్తాది" అని లేచిపోయి నాలుగు కాయలు ఏరుకొచ్చి, పండు నా నోట్లో పెట్టి, పిక్కలు నేల మీద పెట్టేది. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక బైబిలు చేతికిచ్చింది. చాలా ఏళ్లు నేను చదివిన పుస్తకం అదొక్కటే.

పొద్దున్నే బర్రెలకు నీళ్లు పెట్టాక అమ్మ ఆ నున్నటి చోట వీపు ఆనించి కూర్చొని కళ్లు మూసుకునేది. పెదవులు కదిలేవి, మాట వినపడేది కాదు. ఒకరోజు నేను మాను ముందర మోకరించి, చేతులు జోడించి, అమ్మ మాదిరే పెదవులు కదిలించాను. అమ్మ గబగబా వచ్చి జబ్బ పట్టుకొని లేపింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"దానికి మొక్కద్దు మే," అంది. "దాన్ని ఆనుకో. ఆనుకొని, దాన్ని చేసినాయనతో మాట్లాడు."

"ఆనుకుంటే ఏమైతాది?"

"కూలబడకుండా ఉంటావు."

మా అవ్వకాలంలోనే మా ఇంటివాళ్లు యేసుప్రభువును నమ్ముకున్నారు. అంతకుముందు ఆ మానుకు కూడా పసుపు రాసి బొట్టు పెట్టేవాళ్లట. నమ్ముకున్నాక మానేశారు. దాని మీద ప్రేమ మాత్రం మానలేదు. కాయ రాల్చే ముందు "స్తోత్రం ప్రభువా" అనకుండా మా ఇంట్లో ఎవరూ కర్ర ఎత్తేవాళ్లు కాదు. కోతపండుగకు చర్చిలో అందరూ మొదటి పంట తెచ్చి పెడతారు. జొన్నలవాళ్లు జొన్నలు, వరివాళ్లు వడ్లు, కోళ్లున్నవాళ్లు కోడిపుంజు. మేం ఒక గంప చింతపండు పెట్టేవాళ్లం. దాన్ని వేలంపాటలో కొనుక్కున్నవాళ్లు సంవత్సరమంతా, "మీ మాను పులుసే తింటాన్నాం" అని మాతో చెప్పేవాళ్లు. అమ్మకు ఆ మాట విన్నప్పుడల్లా ముఖం వెలిగిపోయేది.

మా ఆయన ఇల్లరికం వచ్చాడు కాబట్టి నేను ఆ చేను వదలాల్సిన పని పడలేదు. దీనికి కూడా దేవునికి వందనాలు చెప్పుకుంటాను. రెండో కాన్పులో బిడ్డ దక్కలేదు. ఇంటికొచ్చాక వారం పాటు నా నోట మాట రాలేదు, ప్రార్థన రాలేదు. అమ్మ నన్ను చెయ్యి పట్టుకొని మాను దగ్గరికి తీసుకుపోయింది. ఆ నున్నటి చోట నన్ను కూర్చోబెట్టి, తాను పక్కన, పగుళ్ల బెరడుకు ఆనుకుంది. చాలాసేపటికి గాలి తోలింది. చింతమాను ఎంత లావుదైనా గాలికి లోపల ఎక్కడో కదులుతుంది. అది కంటికి కనపడదు, వీపుకు తెలుస్తుంది. నా వీపుకు తెలిసింది. అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడుపు వెనకే ప్రార్థన వచ్చింది. చెట్టు నాతో మాట్లాడిందని నేను చెప్పను. నేను మాట్లాడేదాకా అది నా వెనకే నిలబడింది. దాన్నే చెప్తున్నాను.

అమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆమె సమాధి చర్చి వెనక తోటలో ఉంది. నేను అక్కడికి పండుగలకు మాత్రమే పోతాను. రోజూ పోయింది మాను దగ్గరికే. నా వీపు సరిగ్గా అమ్మ వీపు ఆనిన చోట ఆనేది. ఎండాకాలం కూడా ఆ చోటు చల్లగా ఉండేది. పొద్దున అక్కడ కూర్చుంటే అమ్మ నా వెనకే ఉన్నట్టు, అమ్మ వెనక అవ్వ, అందరి వెనకా దేవుడు ఉన్నట్టు ఉండేది. ఇది సిద్ధాంతం ప్రకారం తప్పో ఒప్పో నాకు తెలియదు. చర్చి అయ్యగారిని అడగలేదు.

రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట చాలాకాలం మాటగానే ఉంది. ఒకరోజు ముగ్గురు మనుషులు వచ్చి మాను మొదలుకు ఎర్ర రంగు పూసి పోయారు. మా ఆయన, నేనూ నంద్యాలకు బస్సెక్కాం. ఆఫీసులో ఒక పెద్దాయన మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు.

"దాని కింద గుడి ఏమన్నా ఉందామ్మా?"

"లేదు సార్. ప్రార్థన చేసుకుంటాం."

"అయితే చర్చి ఉందా?"

"లేదు సార్. చెట్టే."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గుడో, దర్గానో, సమాధో ఉంటే ఒక మాట అడగొచ్చు. చెట్టే అంటే కష్టమమ్మా," అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. బయటికొచ్చి మా ఆయన నాకు చెరుకురసం ఇప్పించాడు. తాగలేకపోతే తానే తాగేశాడు.

బస్సు దిగేసరికి వదిన ఎదురొచ్చింది. వదిన అంటే మాకు చుట్టం కాదు. రోడ్డుకు అవతల టీ అంగడి ఆమెది. సగం రోజు ఆ అంగడి మీద మా మాను నీడే పడేది. ఎన్నో ఏళ్లుగా వరసలు పెట్టుకొని పిలుచుకుంటున్నాం.

"ఏందీ, మొగం అట్ల పెట్టుకుండావు?"

"కష్టమన్నారు వదినా."

"కష్టమే అంటారు. ఒట్టి మాను గదా నీది. ముందర ఊరి కాడ యాపమాను జూడు. చీర కట్టి, గాజులు కట్టి, బొట్టు పెట్టింటే రోడ్డే ఒంపు తిరిగిపాయ. నువ్వూ ఇంత పసుపు పుయ్యి. యెవుడు చెయ్యేస్తాడో నేను జూస్తా."

"మేం పెట్టం గదా వదినా."

"నీ మొగానికే పెట్టుకోవు, మానుకేం పెడతావులే," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నేను పెడతా. నా చెయ్యి, నా పసుపు. నీ దేవుడు అడిగితే నా పేరు చెప్పు," అంది.

"వద్దు వదినా."

"సరేలే తల్లీ. టీ తాగి పో."

ఆ తర్వాత రోజూ మాను దగ్గర కూర్చొని ఒకటే అడిగాను. ఈ చెట్టును ఉంచు తండ్రీ అని. నాకు అడగడం పెద్దగా అలవాటు లేదు. అమ్మ వందనాలు చెప్పడమే ఎక్కువ నేర్పింది. అడగడం మొదలుపెడితే మాటలు తడబడేవి. రోడ్డు ఈ పక్క కాకుండా ఆ పక్కకు జరిగితే చాలు అనేదాన్ని. అంతలో ఆ పక్క వదిన అంగడి ఉందని గుర్తొచ్చి, వద్దులే ప్రభువా, ఇంకేదైనా దారి చూడు అనేదాన్ని.

మాను కొట్టేవాళ్లు వచ్చే రోజు ముందే చెప్పారు. ఆ పొద్దున నేను మాను దగ్గరికి పోయేసరికి అది పసుపుపచ్చగా ఉంది. మొదలంతా కాదు. బెరడు పగుళ్లలో పసుపు నిలవదు కదా. నిలిచేది ఆ నున్నటి చోటొక్కటే. అక్కడ గుండ్రంగా పసుపు పూసి, మూడు పెద్ద కుంకుమ బొట్లు పెట్టి, కింద నిమ్మకాయలు, కొట్టిన కొబ్బరికాయ ఉన్నాయి. పైకొమ్మకు కొత్త రవికె గుడ్డ కట్టి ఉంది. రోడ్డుకు అవతల వదిన పొయ్యి ఊదుతూ నా వైపు చూడనట్టు ఉంది.

నేను ఇంటికి పోయి గుడ్డ తడుపుకొచ్చాను. తుడవాలనే తెచ్చాను. మా ఆయన నా వెనకే వచ్చాడు.

"ఉండనీలే," అన్నాడు. "నువ్వు పెట్టలేదు, పెట్టమని చెప్పలేదు. నీకేం దోషం?"

"అమ్మ కూర్చునే చోటు గదా."

"ఆ చోటు ఉండాలనే చెప్తాండా. ఉండనీ."

తడిగుడ్డ చేతిలో నీళ్లు కారుస్తూనే ఉంది. నేను తుడవలేదు. బొట్టు ఉంటే మాను ఉంటుందేమోనని ఆశ పడ్డాను. ఆ ఆశ ఎంత తియ్యగా ఉందంటే, ఇన్నాళ్లు నేనడిగిన దారి ఇదేనేమో, దేవుడు వదిన చేతుల్తో చేశాడేమో అని కూడా అనుకున్నాను.

లారీ, జేసీబీ, రంపాల మనుషులు వచ్చారు. జేసీబీ డ్రైవర్ దిగి మాను దగ్గరికి నడిచొచ్చి, పసుపు చూసి, నాలుగడుగులు వెనక్కి పోయి చెప్పులు విడిచాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ విడిచారు. ఒకతను చెంపలేసుకున్నాడు.

వాళ్ల మేస్త్రీ ఒకాయన ముందుకొచ్చాడు. నడివయసు మనిషి, మెడలో రుద్రాక్ష ఉంది.

"ఎవరిదమ్మా ఈ దేవర?"

"మాదే," అని వదిన రోడ్డు అవతల నుంచే అరుస్తూ వచ్చింది. "మా అవ్వగారి కాలం నుంచి ఉండాది. శానా శక్తి. ముట్టుకుంటే రగతం కక్కుతారు, చెప్తాండా."

"నీది ఆ పక్క అంగడి గదక్కా. చేను ఎవరిది?"

"ఆమెది."

ఆయన నా వైపు తిరిగాడు. నుదురు చూశాడు, మెడ చూశాడు. ఏమనుకున్నాడో గానీ ఎగతాళి చెయ్యలేదు. దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "అమ్మా, నాకూ ఇంట్లో ఆడబిడ్డలు ఉండారు. దేవర చెట్టు కొట్టి వాళ్ల మీదికి తెచ్చుకోలేను. నువ్వు అవునంటే మా సార్‌కు ఫోన్ చేస్తా. యాపమానుకు చేసినట్ల ఏదన్నా చేస్తారు. నువ్వు కాదంటే మా పని మేం చేసుకుంటాం. నీ నోట చెప్పు. ఇది దేవరేనా?"

అవును అనడానికి ఒక్క క్షణం చాలు. నేను పెట్టని బొట్టుకు నాకు దోషం లేదు. కానీ ఇప్పుడు అడిగింది నన్ను. అదీ ఆ మాను కింద నిలబెట్టి అడిగారు. నేను బతుకంతా ఉన్నదున్నట్టు మాట్లాడిన చోటు అదొక్కటే. ఇంట్లో ఎన్నో అబద్ధాలు ఆడాను. బాగున్నానని, ఆకలి లేదని, ఏడవలేదని. ఆ నీడలో ఎప్పుడూ ఆడలేదు.

"దేవుడు కాదప్పా," అన్నాను. "దేవుడు చేసిన చెట్టు. మా అమ్మ దీన్ని ఆనుకొని ప్రార్థన చేసేది. నేనూ చేస్తా. దీన్ని కొట్టద్దప్పా."

"అంటే దేవర కాదు."

"కాదు."

"అంతేనా?"

"అంతే. కొట్టద్దు."

వదిన నన్ను చూసిన చూపు ఇప్పటికీ చెప్పలేను. మా ఆయన చేనులోకి తిరిగి నడిచిపోయాడు. మేస్త్రీ చాలాసేపు నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ఇంకేదైనా అంటానని ఎదురుచూసినట్టున్నాడు. చివరికి తానే కొబ్బరిచిప్పలు, నిమ్మకాయలు ఏరి పక్కన గట్టు మీద జాగ్రత్తగా పెట్టి, మనుషులను పిలిచాడు. వాళ్లు చెప్పులేసుకున్నారు.

నేను అక్కడే ఉన్నాను. ఇంట్లోకి పొమ్మన్నారు, పోలేదు. అమ్మ కడపటి రోజుల్లో కూడా పక్కనుంచి లేవలేదు, దీని దగ్గర నుంచి ఎట్లా లేస్తాను? కొమ్మలు మొదట పడ్డాయి. చిలకలు గుంపుగా లేచి, తిరిగి తిరిగి అదే చోటికి వచ్చి, కూర్చోవడానికి ఏమీ లేక మళ్లీ లేచాయి. చింతాకులు రాత్రి అయితే ముడుచుకుంటాయి. ఆ రోజు నేల మీద పడ్డ కొమ్మల్లో ఆకులు మధ్యాహ్నానికే ముడుచుకున్నాయి, మండే ఎండలో. మొదలు మాత్రం తొందరగా లొంగలేదు. రెండు రంపాలు మొద్దుబారాయి. అది పడినప్పుడు పెద్ద చప్పుడు వస్తుందని చెవులు మూసుకున్నాను. చప్పుడు అంత రాలేదు. నేల మాత్రం అరికాళ్ల కింద ఒక్కసారి కదిలింది. మొద్దులుగా కోసి లారీకెక్కించారు. అమ్మ వీపు ఆనిన చోటు, దాని మీద వదిన పసుపు, అట్లాగే పోయాయి.

ఈ సంగతి ఎట్లా పోయిందో చర్చికి పోయింది. ఆదివారం ఆరాధన మధ్యలో అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. "మన సహోదరి అన్యాచారానికి లొంగలేదు, సత్యం పలికింది. సాక్ష్యం చెప్పాలి," అన్నారు. మాలో అది అలవాటే. రోగం తగ్గినా, పరీక్ష పాసైనా, బర్రె ఈనినా ముందుకొచ్చి సాక్ష్యం చెప్తారు, అందరూ స్తోత్రం అంటారు. నేను లేచి పోయాను. కొంగు నెత్తి మీద సర్దుకున్నాను. కోతపండుగకు మేం గంప పెట్టే చోటే నిలబడ్డాను.

"మా చింతమాను పోయింది," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"స్తోత్రం," అన్నారు ఒకరు. వెంటనే అందరూ అన్నారు. చప్పట్లు కొట్టారు. నా కన్నీళ్లు ఆనందబాష్పాలనుకున్నారు. పక్కనున్న పెద్దామె నా భుజం తట్టి, "గెలిచినావమ్మా," అంది. వాళ్లంతా నన్ను ప్రేమించేవాళ్లే. ఆ చప్పట్ల మధ్యే తిరిగి వచ్చి నా చోట కూర్చున్నాను. వెనక గోడ ఉంది, ఆనుకున్నాను. సున్నం అంటింది.

ఆ సాయంత్రం వదిన వచ్చింది. మాను పడ్డప్పటి నుంచి నాతో మాట లేదు. తవ్విపోసిన మట్టి దిబ్బలు ఎక్కి దిగి, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకొని వచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చుంది. మేం కూర్చున్నచోట పడమటి ఎండ నేరుగా ముఖాన కొడుతోంది.

"సంబరం జేసినారంట గదా మీ చర్చిలో."

"నేను చెయ్యలేదు వదినా."

"అవునంటే ఏం పోయేది నీ నోటికి?"

"ఆడ, మాను కింద, నేను యెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ పొద్దు చెప్పింటే మాను ఉండేది వదినా. నేను పోయి దాన్ని యెట్ల ఆనుకునేది?"

"నేనైతే చెప్పింటా," అంది. "చెప్పి, మర్సనాడు పోయి ఆనుకునింటా. అది ఏమనుకునేది కాదు. మీ అమ్మ కూడా ఏమనేది కాదు. నాకు తెలుసులే మీ అమ్మ."

అమ్మ ఏమనేదో నాకు తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా తెలియలేదు. అడగడానికి పోయే చోటు లేదు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. చచ్చిన మనిషి కోసం ఏడ్చినట్టు, రాగం మాత్రం తియ్యకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. చర్చిలో అంతమంది స్తోత్రం అన్నప్పుడు నా నోట రాని మాట అప్పుడు లోపల మెల్లగా కదిలింది. మాను పోయినందుకు దేవునికి వందనాలు చెప్పలేకపోయాను, ఈ రోజుకూ చెప్పలేకపోతున్నాను. దాని కోసం నాతో కలిసి ఏడ్చే మనిషిని ఇచ్చినందుకు చెప్పుకున్నాను. ఇద్దరం ఎండలోనే కూర్చున్నాం.